ఎర్ర చుక్క ఆగిన చోట

బఠాణీలు ఒలుస్తూ కూర్చున్నాను. నా కొడుకు వంటింట్లోకి వచ్చాడు. అతను వంటింట్లోకి రావడమే ఒక వింత, మా ఇంట్లో మంచినీళ్ళు కూడా అతను కూర్చున్న చోటికే నడిచి వెళ్తాయి. వచ్చి, తన పాత ఫోను తీసి పంచదార డబ్బాకి ఆనించి నా ఎదురుగా నిలబెట్టాడు.

"అమ్మా, నీకు మంచి కాలక్షేపం. ఇదిగో ఈ ఎర్ర చుక్క చూశావా? ఇది నీ కోడలు."

కోడలు ఐదున్నరకే పనికి వెళ్ళిపోయింది. ఇక్కడ చూస్తే చుక్కయిపోయి, సన్నటి గీతల మధ్య చీమలా పాకుతోంది.

"ఎందుకురా ఇది?"

"దాని మంచికే అమ్మా. రోజులు ఎలా ఉన్నాయో చూస్తున్నావుగా. ఆఫీసులో నాకు అస్తమానం చూడ్డం కుదరదు. నువ్వు ఖాళీగానే ఉంటావు కదా, ఓ కన్నేసి ఉంచు. ఎక్కడైనా ఎక్కువసేపు ఆగితే చెప్పు, చాలు."

ఖాళీగానట! ఒళ్ళో బఠాణీలు, పొయ్యి మీద పాలు, బాల్చీలో నానబెట్టిన బట్టలు, అన్నీ నా ఖాళీని చూసి నవ్వి ఉంటాయి. అయినా సరేనన్నాను. కొడుకు నన్ను ఒక పని నమ్మి అప్పగించి చాలా కాలమైంది. పెద్దతనంలో అదొక ఆకలి, ఎవరికీ చెప్పుకోలేనిది.

నా కోడలి పని ఇంటింటికీ వెళ్ళి పరీక్షలకి రక్తం తీసుకోవడం. పరగడుపున ఇవ్వాల్సిన రక్తం కాబట్టి తెల్లవారకుండానే బయలుదేరాలి. భుజానికి ఐసుపెట్టె, చేతిలో సూదుల సంచి. తొమ్మిదిళ్ళో పదకొండిళ్ళో తిరిగి, ఆ గాజు గొట్టాలన్నీ పన్నెండు లోపల ల్యాబులో అప్పజెప్పాలి. ల్యాబువాళ్ళు వేరే ఫోను ఇచ్చారు. ప్రతి గుమ్మం ముందూ నిలబడి అందులో నొక్కాలి. లిఫ్టు రాక ఆలస్యమైనా, ఇంటివాళ్ళు నిద్ర లేవక ఆలస్యమైనా అది 'లేటు' అని చూపిస్తుంది. లిఫ్టుకి లేటు పడదు, ఈమెకే పడుతుంది. ఒకావిడ రక్తం ఇచ్చాక, ఈమె కూర్చున్న కుర్చీని ఈమె చేతే తుడిపించి మరీ పంపిందట. అలా నడుముకి ఒక పక్క ల్యాబు ఫోను, ఇంకో పక్క మొగుడు కనిపెట్టుకుని ఉన్న ఫోను.

తన ఫోనులో అతను ఇది పెట్టిన సంగతి ఆమెకి మూడో రోజు గానీ తెలియలేదు. అడిగింది. "దాచుకునేదేం లేనప్పుడు భయమెందుకు?" అన్నాడు. ఆ మాటకి ఎవరు మాత్రం ఏం జవాబు చెప్తారు? వద్దంటే దాస్తున్నట్టు, సరేనంటే తాడు మనమే చేతికిచ్చినట్టు. ఆమె ఐసుపెట్టె కడగడానికి వెళ్ళిపోయింది. అయితే ఆ చుక్కని చూస్తున్నది ఆయనొక్కడే అనుకుంది. నేను చూస్తున్నానని ఆమెకి తెలియదు.

ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది. నాకది సరదాగానే ఉండేది. తమ్ముడు పుట్టాడని నన్ను మూడో తరగతిలో బడి మాన్పించారు. అక్షరాలు కూడబలుక్కోవాలి గానీ అంకెలు మాత్రం నాకు బాగా వచ్చు. వారం తిరిగేసరికి ఆ మ్యాపు నా అరచెయ్యిలా తెలిసిపోయింది. వేలితో పక్కకి జరిపితే నిన్నటిదీ మొన్నటిదీ కూడా వస్తుంది, ఎక్కడ ఎంతసేపు ఆగిందో నిమిషాలతో సహా. ఆ వీధుల్లో ఒక్కదాంట్లోనూ నేను అడుగు పెట్టలేదు, అయినా అన్నీ నాకు తెలుసన్నట్టు ఉండేది. సాయంత్రం కొడుకు రాగానే, "ఇవాళ పదిళ్ళు తిరిగిందిరా" అని చెప్పడానికి ఎదురుచూసేదాన్ని.

అలాగే ఒకరోజు నోరు జారాను. "ఒంటిగంట దాటాక రోజూ ఒకేచోట ఇరవై నిమిషాలు ఆగుతుందిరా చుక్క. దారాలూ బొత్తాలూ అమ్మే కొట్టు పక్కన. అక్కడేముంది?"

వాడి ముఖం మారిపోయింది. "రోజూనా?"

"రోజూ."

"ఇన్నాళ్ళూ చెప్పవేమమ్మా!"

మర్నాడు మధ్యాహ్నం ఆఫీసుకి చెప్పి అక్కడికి వెళ్ళాడు. ఏం జరిగిందో తర్వాత కోడలే చెప్పింది. బొత్తాల కొట్టు పక్కన మూసేసిన మేడ ఒకటుంది, దానికి నాలుగు రాతిమెట్లు. మూడో మెట్టు మీద ఈమె కూర్చుని ఉంది. పై మెట్టు మీద ఎవరో పార్సిళ్ళు పంచే అతను అన్నం డబ్బా విప్పుకుని తింటున్నాడు. ఇద్దరికీ ముఖపరిచయం కూడా లేదు. నా కొడుకు బండి ఆపి, వీధి వీధంతా వినపడేలా, "ఎవడు వీడు? రోజూ ఇందుకేనా ఆగుతున్నావు?" అని అరిచాడు. ముందు ఫొటో తీశాడు, తర్వాత అరిచాడు. పాపం ఆ పార్సిళ్ళతను ముద్ద మింగలేక లేచి నిలబడి చేతులు జోడించాడట. "సార్, ఐదు నిమిషాలే ఆగాను సార్, ఇప్పుడే బయల్దేరుతున్నాను సార్" అని. తన కంపెనీ వాళ్ళు తనిఖీకి వచ్చారనుకున్నాడు. వింటుంటే ముందు నవ్వొచ్చింది నాకు. ఆ నవ్వు అక్కడే ఎండిపోయింది.

"ఆ మెట్ల మీద ఏం చేస్తావమ్మా రోజూ?" అని అడిగాను.

"ఏం చెయ్యను అత్తయ్యా."

"ఏదో ఒకటి చేస్తావు కదా."

"నిజంగా ఏం చెయ్యను. ల్యాబు ఫోను అప్పటికి కట్టేస్తారు. ఇంటికి వస్తే మళ్ళీ మొదలు. ఆ మధ్యలో అక్కడ నేనెవరికీ ఏమీ కాను. ఊరికే కూర్చుంటాను." మళ్ళీ తనే అంది, "ఆయనకి ఎలా తెలిసిందో! నిమిషాలతో సహా చెప్పారు. ఆఫీసులో కూర్చుని అంతంత సేపు చూస్తారా నన్ను?"

నేను తలెత్తలేదు. తలెత్తకపోవడంతోనే ఆమెకి అర్థమైంది.

"మీరా అత్తయ్యా?" అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. లేచి వెళ్ళి నా మోకాళ్ళకి రాసే మందు తెచ్చి ఎప్పటిలాగే నా పక్కన పెట్టింది. దానికన్నా రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

మా ఆయన దగ్గర ఇలాంటి ఫోన్లు లేవు. ఆయనకి అవసరమూ పడలేదు. ఇంటికి రాగానే గుమ్మం దగ్గర నా చెప్పులు తిరగేసి చూసేవారు, అడుగున తడిమట్టి ఉందేమోనని. తర్వాత రేడియో వెనక అరచెయ్యి ఆనించేవారు, వెచ్చగా ఉందేమోనని. వెచ్చగా ఉంటే, "మహారాణిగారికి ఇవాళ కచేరీ జరిగినట్టుంది" అనేవారు. మా అత్తగారు పకపకా నవ్వేది. అందుకని నేను ఆయన వచ్చే వేళకి ముప్పావుగంట ముందే రేడియో కట్టేసేదాన్ని, చల్లారాలని. అప్పటికి పాట సగంలో ఉండేది. ఎన్ని పాటలకి చివర నాకు తెలియదో లెక్కలేదు. ఆ అరచేతిని ముప్పై ఏళ్ళు తిట్టుకున్నాను మనసులో. అలాంటిదాన్ని, ఇప్పుడు నేనే ఒక ఆడపిల్ల వీపు మీద అరచెయ్యి పెట్టి వెచ్చగా ఉందా అని చూశాను. కొడుకు చూడమన్నాడని కాదు, నాకు గొప్పగా ఉందని. ఆ కోపం ఎవరి మీద చూపించాలి? మొదట నా మీదే చూపించుకోవాలి. మిగిలింది చాలా ఉంది, అది ఇతరులకి పంచవచ్చు.

ఆదివారం కోడలి అన్నయ్యనీ వదిననీ పిలిపించాడు నా కొడుకు. ముందుగదిలో కుర్చీలన్నీ వేశారు. అందరికీ టీ పెట్టి తెచ్చింది మళ్ళీ కోడలే, తన మీద జరిగే తీర్పుకి తనే టీ పెట్టుకుంది. నా కొడుకు ఫొటో చూపించాడు. మెట్లు, ఈమె, పైన అన్నం డబ్బాతో అతను.

"నేను ఎక్కువేం అడగట్లేదు బావగారూ. ఒకటో తారీకు నుంచి ఆ ఉద్యోగం మానెయ్యమనండి. ఇంట్లో ఉంటే ఈ గొడవలే ఉండవు."

కోడలి అన్నయ్య టీ ఊదుకుంటూ, "పోనీ మానెయ్యి చెల్లీ. నీకేం తక్కువని? బావ ఉన్నాడుగా" అన్నాడు.

"నేను మాననన్నయ్యా" అంది ఆమె. "పదేళ్ళు కష్టపడి నేర్చుకున్న చెయ్యి ఇది. పసిపిల్లలకి కూడా ఒక్క పోటుతో నరం దొరుకుతుంది నాకు. నేను చేసిన తప్పేంటో చెప్పండి, అప్పుడు మానేస్తాను."

"తప్పు నేను చెప్తే అనుమానం మనిషినంటావు" అని నా కొడుకు నా వైపు తిరిగాడు. "అమ్మే చూసింది రోజూ. పెద్దావిడ అబద్ధం చెప్తుందా? చెప్పమ్మా, ఏం చూశావో చెప్పు."

వంటింట్లోకి వెళ్ళి ఆ పాత ఫోను తెచ్చాను. కళ్ళజోడు పెట్టుకున్నాను. వేలితో పక్కకి జరిపి మంగళవారం తీశాను.

"చెప్తాను, అందరూ వినండి. ఐదూ ముప్పై ఐదుకి ఇల్లు దాటింది. అప్పటికి నువ్వు గుర్రు పెడుతున్నావు. పదకొండిళ్ళు తిరిగింది. ఇదిగో ఇక్కడ పదిహేడు నిమిషాలు ఆగింది, ఆ రోజు లిఫ్టు పాడైతే ఆరంతస్తులూ ఎక్కింది పెట్టెతో. పదకొండూ యాభైకి ల్యాబు. పన్నెండుంబావుకి ఇక్కడ ఆగింది, ఇదేంటో తెలుసా? నీ బండి బాగుచేసే షెడ్డు. నీ బండేరా, ఆమెది కాదు. ఇక్కడ మందుల కొట్టు, నా మోకాళ్ళకి. ఇక్కడ నీ కూతురి బడి, సంతకం కావాలంటే. నువ్వు పెట్టాల్సిన సంతకమే అది. ఆ తర్వాత మెట్లు. ఇరవై నిమిషాలు. అప్పుడు కూరగాయల బజారు. ఒంటిగంటా యాభై ఐదుకి ఇల్లు."

"అమ్మా, నేనడిగింది ఆ మెట్ల గురించి..."

"నన్ను చెప్పమన్నావు కదా, చెప్పనీ. ఇంటికొచ్చాక ఇక చుక్క కదలదు. సాయంత్రమంతా ఇక్కడే కూర్చున్నట్టు చూపిస్తుంది మీ ఫోను. కానీ నేను పక్కనే ఉన్నాను కదా. పొయ్యి దగ్గర్నించి పెరట్లోకి, పెరట్లోంచి మేడ మీదికి, అక్కడ్నించి నీ చొక్కా ఇస్త్రీకి, పిల్ల లెక్కలకి, నా కాళ్ళకి. ఇంట్లో తిరిగింది తిరుగుడు కాదు దానికి. నీకూ కాదు. నలభై రోజులు చూశానురా నేను. నలభై రోజుల్లో ఆ చుక్క తన కోసం ఆగింది ఆ ఒక్కచోటే. ఆ చోటుకి వెళ్ళి నువ్వు ఫొటో తీసుకొచ్చావు."

అప్పటిదాకా చీర కొంగు సర్దుకుంటూ ఊరుకున్న కోడలి వదిన ఫోను మీదికి వంగింది.

"అత్తయ్యగారూ, ఇందులో అన్నయ్యగారి చుక్క కనపడట్లేదేంటి?"

"నాదెందుకమ్మా ఇందులో?" అన్నాడు నా కొడుకు, నిజంగానే అర్థం కానట్టు.

ఆమె తన మొగుడి వైపు నిదానంగా తిరిగింది. "మొన్న నా ఫోనులో జాగా తక్కువైందని తీసుకుని మీరేదో చేశారు. ఏం చేశారు?" ఆయనకి టీ పొలమారింది.

నేను ఫోను కొడుకు ఒళ్ళో పెట్టాను. "ఆమె ఉద్యోగం మానదు. ఈ చూసే ఉద్యోగం నేను మానేస్తున్నాను."

"నువ్వు కూడా దాని వైపేనా అమ్మా?"

"ఇంతకాలం నీ వైపు ఉండి ఏం చేశానో చూశావుగా. సిగ్గుగా ఉంది."

అప్పుడు కోడలు తన ఫోను తీసింది. నాలుగుసార్లు నొక్కింది. నా కొడుకు ఒళ్ళో ఉన్న మ్యాపులో గీతలన్నీ అలాగే ఉన్నాయి, చుక్క లేదు.

"ఏం చేశావ్?"

"తీసేశాను."

"నాకొక మాట చెప్పకుండానా?"

"పెట్టినప్పుడు మీరు నాకు చెప్పారా?" అని, ఖాళీ కప్పులు తియ్యబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ కప్పులు ఆదివారం సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి. చివరికి ఎవరు తీశారో నాకు తెలియదు. ఆమె కాదు, నేను కాదు.

నాలుగు రోజులు మాతో మాట్లాడలేదు నా కొడుకు. గిన్నెతో గిన్నె మాట్లాడినట్టు పెద్ద చప్పుళ్ళతో భోజనం చేసేవాడు. కోడలు ఐదున్నరకే పెట్టె భుజానికి తగిలించుకుని వెళ్ళేది. ఐదో రోజు మధ్యాహ్నం నా బటన్ల ఫోను మోగింది. వాడే.

"అమ్మా, అది ఇంటికొచ్చిందా?"

"తెలియదు."

"తెలియకపోవడమేంటి? రెండవుతోంది. ఎక్కడికెళ్ళిందో చెప్పిందా?"

"చెప్పలేదు. నేనడగలేదు."

"మరి ఇంట్లో ఉండి నువ్వు..." మాట ఆపాడు. విన్నాడు. "ఆ హారన్లేంటి? అమ్మా, నువ్వు బస్సులో ఉన్నావా? నువ్వెక్కడున్నావమ్మా?"

డెబ్భై ఒక్క ఏళ్ళలో ఆ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఉండటం నాకు అదే మొదటిసారి. ఫోను కట్టేసి సంచిలో వేసుకున్నాను. కిటికీ పక్క సీటు దొరికింది. ఎక్కడ దిగానో మీకు కూడా చెప్పను.