ఎక్కిన చోటి నుంచే మళ్ళీ

మా అత్తగారు హైవే పక్కన కళ్ళు తిరిగి పడిపోతారేమో, ఆ కబురు నాకు రాదేమో అన్నదే ఇప్పుడు నా పెద్ద భయం. దారినపోయేవాళ్ళు ఆవిడ మీద జాలిపడతారేమో అన్నది రెండోది.

మా బాబు నవనీత్ న్యుమోనియాతో ఐసీయూలో ఉన్నప్పుడు, వాడు లేచి తిరిగితే జగ్గయ్యపేట నుంచి బెజవాడ దుర్గమ్మ దగ్గరికి నడిచి వస్తానని సీతారావమ్మగారు మొక్కేశారు. నన్ను అడగలేదు. తన మోకాళ్ళనీ అడగలేదు.

మొదటిరోజే, చిల్లకల్లు దాటగానే ఎవరో కుర్రాడు బండి ఆపి "మామ్మా, ఎక్కు" అన్నాడట. ఎక్కేశారు. నందిగామలో దిగాక మొక్కు గుర్తొచ్చింది. ఆటోలో వెనక్కి వచ్చి, ఆ రాత్రి గుళ్ళో పడుకుని, ఎక్కిన చోటి నుంచే మళ్ళీ నడక. మర్నాడు కారులో పోతున్న మొగుడూ పెళ్ళాం. ఇడ్లీ కూడా పెట్టించి నందిగామలో దింపారు. ఆవిడ మళ్ళీ వెనక్కి. మా పుట్టింటివాళ్ళు నన్ను తొమ్మిదో క్లాసులోనే బడి మానిపించారు గానీ, ఈ లెక్క తెగేది కాదని నాకూ తెలుస్తుంది.

ఫోన్‌లో గొంతు చించుకున్నాను. "నడిచే వెళ్తానండీ అని ఒక్క ముక్క అనలేరా అత్తయ్యా?"

"అన్నా అమ్మాయ్. మొహమాటపడకమ్మా అని చెయ్యి పట్టుకుని ఎక్కించారు. అంత ప్రేమగా పిలిస్తే కాదని ఎట్టా అంటాం?"

"ఇట్టాగైతే వచ్చే దసరాకి కూడా నందిగామ దాటరు."

"దాటకపోతే అమ్మవారే ఎదురొస్తుందిలే."

మా ఆయన కల్యాణ్‌కి చెబితే, "గ్యాస్ బండ తెచ్చినవాడికి కూడా కాఫీ ఇవ్వకుండా పంపదు మా అమ్మ. ఎవర్ని కాదంటుంది?" అని డ్యూటీకి పోయాడు.

మూడోరోజు ఆవిడ ఫోన్ ఎత్తలేదు. పిల్లాణ్ణి చంకనేసుకుని బస్సెక్కాను. కిటికీలోంచి రోడ్డు పక్కంతా వెతుక్కుంటూ వెళ్తే, నందిగామ ఇవతల ఒక టిఫిన్ బండి దగ్గర కనిపించారు. బల్ల మీద కాళ్ళు చాపుకుని ఉన్నారు. అరికాళ్ళ నిండా బొబ్బలు. బండి నడుపుకునే కృపావతి వాటికి పసుపు రాసి గుడ్డ చుడుతోంది. ఫోన్ అక్కడే ఛార్జింగ్‌లో ఉంది.

నాకు ఏడుపొచ్చి, కోపమై బయటికొచ్చింది. "ఇంక చాలు, లేవండి. బస్సెక్కి బెజవాడలో దిగుదాం."

అత్తగారు నా మొహంలోకి చూశారు. "నువ్వు కూడానా అమ్మాయ్?"

కృపావతి నవ్వింది. "మా ప్రభువు ఎక్కడికెళ్ళినా నడిచే వెళ్ళాడు గానీ కారెక్కలేదమ్మా. పెద్దమ్మగారిని నడవనీ. అంత బెంగైతే పక్కన నడువు."

గిన్నెల మీద మూతలు పెట్టి తనే ముందు బయల్దేరింది. దారిలో ఇద్దరు బైకులు ఆపారు. "మొక్కు నడక బాబూ, మీరు పోండి" అని ఇద్దర్నీ కృపావతే పంపేసింది. అంత తేలికైన మాట. అత్తగారు మాత్రం, పాపం వాళ్ళేమనుకున్నారో అని ఊరు దాటేదాకా నొచ్చుకుంటూనే ఉన్నారు.

నందిగామ దాటాక కృపావతి వెనక్కి తిరిగింది. కాసేపటికి బాబుకి దగ్గు మొదలైంది. "వీడి కోసం నడుస్తూ వీణ్ణే ఎండలో పెడితే ఏం మొక్కు?" అని అత్తగారే చెయ్యెత్తి బస్సు ఆపి నన్ను ఇంటికి పంపేశారు.

ఇప్పుడావిడ నందిగామ అవతల, బెజవాడ దారిలో కీసర దగ్గర్లో ఉండాలి. ఫోన్ మళ్ళీ ఎత్తడం లేదు. ఎర్రచీర, కాళ్ళకి పసుపు గుడ్డలు, చేతిలో నీళ్ళసీసా. కనిపిస్తే దయచేసి బండి ఎక్కించకండి. మీరే దిగి, నాలుగడుగులు పక్కన నడిచి, కళ్ళు తిరుగుతున్నాయా అమ్మా అని ఒక్కసారి అడగండి.