ముల్లు పోయె, స్తంభమొచ్చె

నేను ఒక లావుపాటి పుస్తకాన్ని. ఇంగ్లీషు పుస్తకాన్నే, కాని ఇంగ్లీషు దంచేసేవాళ్లు కూడా నన్ను తెరిచి, కళ్లు నులుముకుని, మెల్లగా మూసేస్తారు. తప్పు వాళ్లది కాదు. నాలో ఉన్నవి ఆరువందల ఏళ్ల నాటి ఇంగ్లీషు పద్యాలు. పేజీకి పద్యం పిడికెడు, వివరణ బుట్టెడు. ముందు నలభై పేజీల పీఠిక, వెనక పదకోశం. పండితులు నాలాంటివాటిని ప్రామాణిక ప్రతి అంటారు. ఆ మాటంటే నాకు కొంచెం గర్వమే, దాచను.

నా కథంతా ఒక అక్షరం చుట్టూ తిరుగుతుంది కాబట్టి ముందు దాని సంగతి చెప్పాలి. మీరు అరసున్ననూ బండిరనూ వదిలేసినట్టే ఇంగ్లీషువాళ్లూ కొన్ని పాత అక్షరాలను వదిలేశారు. వాటిలో ఒకదాని పేరు ముల్లు. నిజంగా దాని పేరే అది. పలకడం 'థ'. చూడటానికి మాత్రం అచ్చం 'పి'లా ఉంటుంది. తేడా ఒక్కటే, 'పి' నెత్తి మీద చిన్న నిలువుగీత పైకి లేస్తే అది ముల్లు. ఇంగ్లండులో నా అచ్చు అక్షరాలు కూర్చిన ముసలి కంపోజిటర్ ఈ ముళ్ల కోసం విడిగా ఒక గడి పెట్టుకుని, ఒక్కోటీ కంటికి ఆనించి చూసుకుని మరీ పేర్చాడు. ఆయన పేరు నాకు తెలియదు. ఆ వేళ్లు మాత్రం ఇంకా గుర్తున్నాయి.

ఓడెక్కి, రైలెక్కి నేను చేరింది హనుమకొండకు. అక్కడి కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరు ఆళ్వారయ్య సారు నన్ను తెప్పించుకున్నాడు. పార్సిల్ విప్పి ఆయన నన్ను వాసన చూసిన తీరు చూస్తే, వండిన వంటనైనా ఎవరూ అలా చూడరనిపించింది. ఆయనది తెలుగు పండితుల ఇల్లు. ఏ భాష పద్యమైనా ప్రతిపదార్థం, తాత్పర్యం లేనిదే ఆయనకు మింగుడు పడదు. అందుకని పెన్సిలు చెక్కుకుని నా అంచులనిండా తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. మొదట నాకు ఒళ్లు మండింది. ప్రామాణిక ప్రతి మీద పెన్సిలు గీతలా! ఏడాది తిరిగేసరికి ఆ గీతలు లేని పేజీ నాకే బోసిగా కనిపించేది.

ఆయనకు ప్రాణమైన పద్యం ఒకటుంది. రాసిందెవరో ఎవరికీ తెలియదు. మహమ్మారి వచ్చిన ఏడు, జబ్బుపడ్డ బిడ్డ పక్కన కూర్చున్న తల్లి పాడుకునే పద్యం. బిడ్డ మింగలేకపోతోందని తల్లీ నీళ్లు ముట్టదు. 'మూడు దినాలు దప్పిక ఓర్చుకున్నాను' అనే పాదంలో బరువంతా మూడు మాటల మీద పడుతుంది. మూడుకు థ్రీ, ఓర్చుకోవడానికి థోల్, దప్పికకు థర్స్ట్. మూడూ ముల్లుతోనే మొదలవుతాయి. అది ఆనాటి ఇంగ్లీషు యతి. అచ్చు కలిసిందా అని పట్టింపు లేదు, హల్లు కలిస్తే చాలు. థోల్ అనే మాట ఇప్పుడు ఇంగ్లీషులో వాడుక తప్పింది. ఆళ్వారయ్య సారు దాని పక్కన 'ఓపుట, ఓర్చుకొనుట' అని రాసి, కింద గీత గీసి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఇక పురుషోత్తం. సారుకు ఇష్టమైన శిష్యుడు. ఎం.ఏ. ఆఖరి పరీక్షలు రాసి, ఉద్యోగం ఎప్పుడొస్తుందా అని చూస్తున్న రోజులవి. రేపు తాను పాఠం చెప్పాల్సి వస్తే పనికొస్తుందని నన్ను ఒక్క ఆదివారానికి అడిగి తీసుకెళ్లాడు. జిరాక్సు మిషను ఇంకా ఆ వీధికి రాలేదు. పొద్దున కూర్చుని సాయంత్రానికల్లా పద్యాలన్నీ నోటుబుక్కులో దించేశాడు. ఎంత ఆత్రం! ఎంత వేగం! నేను చూస్తూనే ఉన్నాను. ముల్లు వచ్చిన చోటల్లా 'పి' రాసుకుంటూ పోతున్నాడు. పీఠికలో మూడో పేజీలోనే ముల్లు గురించి ఉందిరా నాయనా అని అరవాలనిపించింది. పుస్తకానికి నోరెక్కడిది? పీఠిక చదివే తీరిక ఆ వయసుకెక్కడిది?

సాయంత్రం నన్ను తిరిగిస్తూ, వాచిన వేళ్లతో నోటుబుక్కు చూపించాడు. సారు తిరగేసి, ఒక్కచోట ఆగాడు. పిల్లవాడి ముఖంలో వెలుగు చూసి ఆ పూట ఏమీ అనలేకపోయాడు.

"సోమారం ఒకసారి రా పురుషోత్తం. ఒక ముచ్చట చెప్పాలె," అన్నాడు.

అతను వెళ్లాక, థోల్ పక్కన చిన్న అక్షరాలతో రాసుకున్నాడు: 'మన పిలగాని కాపీల ముల్లు పోయి పి అయింది. సోమారం చెప్పాలె.'

సోమవారం పురుషోత్తం రాలేదు. ఆ పొద్దున్నే ఉద్యోగం ఆర్డరు చేతికొచ్చి, ఆదిలాబాద్ బస్సెక్కాడు. ఉత్తరం రాద్దామని సారు అనుకున్నాడు. రాయలేదు. మనుషుల ఈ లక్షణం నాకు ఎప్పటికీ అంతుపట్టదు. ఆరువందల ఏళ్ల కిందటి లేఖకుడి తప్పును వెతికి వెతికి దిద్దుతారు, సోమవారం చెప్పాల్సిన మాట చెప్పరు.

సారు పోయాక ఇల్లు ఖాళీ చేసినవాళ్లు నన్ను రద్దీ కాగితాలవాడికి వేశారు. అక్కడి నుంచి చౌరస్తాలో యాకూబ్ పాత పుస్తకాల కొట్టుకు చేరాను. యాకూబ్ నా అట్ట చూసి, నాలుగు పేజీలు తిప్పి, కుంటుతున్న తన బల్ల కాలు కింద పెట్టాడు. సరిగ్గా సరిపోయాను. అలా ఏళ్లు గడిచాయి. బల్ల మీద ఎవరు కూర్చున్నారో తెలుసా? గైడ్లు! పసుపుపచ్చ అట్ట, కొత్త బట్టల్లా ఫెళఫెళలు. 'అనుభవజ్ఞుడైన ప్రొఫెసర్ రచన' అని మాత్రం ఉంటుంది, పేరుండదు. వేడి పకోడీల్లా అమ్ముడుపోయేవి. వాటి కింద నేను, ప్రామాణిక ప్రతిని, బరువు మోస్తూ.

ఒక వేసవి మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చింది. పేరు చిందుల భూలక్ష్మి. తండ్రి యక్షగానం ఆడే మేళంలో పెద్ద పాటగాడు. ఆ అమ్మాయికి గురుకుల బడిలో ఇంగ్లీషు టీచరుగా ఉద్యోగం వచ్చింది, కాని నెలాఖరుకల్లా ఎం.ఏ. పట్టా చూపించాలి. ఒక్క పేపరు అడ్డం పడింది, ఈ పాత పద్యాల పేపరే. ఇప్పటికే ఒకసారి తప్పింది. వారంలో మౌఖిక పరీక్ష. ఈసారీ తప్పితే ఉద్యోగం చేజారుతుంది. ఇదంతా ఆమె యాకూబ్‌కు గుక్కతిప్పుకోకుండా చెప్పింది.

"గీ గైడు తీస్కపో బిడ్డా. ఇది బట్టీ పట్టినోడు ఫెయిలయిండన్నది నేనైతె ఇనలే," అన్నాడు యాకూబ్.

ఆమె గైడు తెరిచింది. పద్యాన్ని కంటితో చదవడం ఆమెకు చేతకాదు, గొంతెత్తాల్సిందే. ఆ తల్లి పద్యం చదువుతూ చదువుతూ ఠక్కున ఆగింది. మళ్లీ చదివింది. మళ్లీ అక్కడే ఆగింది.

"యతి తప్పింది చాచా!"

"ఏం తప్పింది?"

"చూడుండ్రి. థ్రీ ఉన్నది, థర్స్ట్ ఉన్నది, నడుమ గీ పోల్ ఏంది? కడమ లైన్లన్నిట్ల మూడు మాటలు ఒక్క తీరుగ మోగుతున్నయి. గిక్కడనే కాలుకు రాయి తగిలినట్టున్నది. మా నాయిన ఆటల గిట్ల పాడితె మద్దెలాయన వాయించుడు బందువెడ్తడు."

బల్ల కింద నేను కదిలిపోయాను. ముప్పై ఏళ్లుగా వేలమంది చదివారు, ఒక్కరి చెవికీ తగలలేదు! పోల్ కింద గైడు ఏమని చెప్పిందో వినండి: 'పోల్ అనగా స్తంభము. ఆ కాలమున నేరస్తులను స్తంభమునకు కట్టి మూడు దినములు నీళ్లియ్యక శిక్షించెడివారు.' బిడ్డ మంచం పక్క కూర్చున్న తల్లిని పట్టుకెళ్లి స్తంభానికి కట్టేశారు! ఏటేటా పరీక్షలో 'స్తంభము యొక్క ప్రాముఖ్యమును చర్చింపుము' అని ప్రశ్న. ఏటేటా పుటలకు పుటలు జవాబులు. కోతి తోక కథలోలాగ, ముల్లు పోయె, స్తంభమొచ్చె.

"దీనికి అసలు పుస్తకం ఉంటదా చాచా?"

యాకూబ్ గడ్డం గోక్కుని, వంగి, నన్ను లాగాడు. గైడ్లన్నీ జరజరా ఒరిగిపోయాయి. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం చెప్పకపోతే అబద్ధమవుతుంది.

భూలక్ష్మి నన్ను తీసుకెళ్లి పీఠిక మొదటి పేజీ నుంచి చదివింది. అవును, మొదటి పేజీ నుంచి! మూడో పేజీలో ముల్లు దగ్గరకు రాగానే గబగబా తల్లి పద్యం వెతికి, సారు పెన్సిలు రాత చదివి, ఎగిరి గంతేసినంత పని చేసింది. "ఓర్చుకునుడు! స్తంభం కాదు, ఓర్చుకునుడు!" అని ఎదురుగా ఎవరూ లేకపోయినా అరిచింది. కింద ఉన్న చిన్న అక్షరాలూ చదివింది. ఆ పిలగాడెవరో ఆమెకు తెలియదు. నాకు తెలుసు. పరీక్ష చేయబోయేదెవరో కూడా, ఆమె మౌఖిక పరీక్ష పిలుపు కాగితం నా పేజీల మధ్య పెట్టినప్పుడు తెలిసింది. ప్రొఫెసర్ పురుషోత్తం.

నా గుండె జారింది. పుస్తకానికి గుండె ఉంటుందా అనకండి. ఆ పేరులేని 'అనుభవజ్ఞుడు' ఎవరో ఆ 'పి'ని బట్టి నేను ఎప్పుడో పోల్చుకున్నాను. థ్రీ, థర్స్ట్ అందరికీ తెలిసిన మాటలు కాబట్టి తన నకలును అచ్చుకిచ్చేటప్పుడు వాటిని సరిచేసుకున్నాడు. పోల్ అనే మాట ఇంగ్లీషులో ఉండనే ఉంది కదా, దాన్ని అలాగే వదిలేశాడు.

పరీక్ష గదిలో ఆయన బల్ల వెనక, భూలక్ష్మి ముందు, నేను ఆమె సంచిలో. జుట్టు నెరిసింది గాని గొంతు అదే. నాలుగు ప్రశ్నలకు ఆమె చకచకా చెప్పింది. అయిదోది వచ్చింది.

"తల్లి పద్యంల స్తంభం దేనికి గుర్తమ్మా? శిక్షకా, సహనానికా?"

శిక్ష అన్నా పాసే, సహనం అన్నా పాసే. ఒక్క మాట అంటే చాలు, ఉద్యోగం చేతిలో ఉంటుంది. ఆమె చెయ్యి సంచిలోకి వచ్చి నా అట్ట పట్టుకుంది. చెప్పెయ్ అమ్మా అని నేనే అనుకున్నాను. సిగ్గుచేటు, కాని అనుకున్నాను.

"సార్... అక్కడ స్తంభం లేదు సార్."

"ఏమంటివి?"

"యతి తప్పుతున్నది సార్. అక్కడ పి కాదు, ముల్లు. థోల్. ఓర్చుకునుడు."

"ముప్పయ్యేండ్ల సంది పాఠం చెప్తున్న. లేదంటవా? ఏ ఎడిషన్ చదివినవ్ నువ్వు?"

ఆమె నన్ను తీసి బల్ల మీద పెట్టింది. కోపంగా చెయ్యి చాచినవాడు నా అట్ట తాకగానే ఆగిపోయాడు. మెల్లగా తెరిచాడు. తన గురువు రాత. తల్లి పద్యం. థోల్. పక్కన చిన్న అక్షరాలు. చదివాడు. మళ్లీ చదివాడు. నా పేజీ మీద ఒక చుక్క పడింది. ప్రామాణిక ప్రతి మీద నీటిచుక్క నేను సహించను, దాన్ని మాత్రం సహించాను.

"ఆ సోమారం నేను పోలేదమ్మా," అన్నాడు. "నౌకరీ వచ్చిన సంబురంల బస్సెక్కిన. సారు ఏం చెప్పనీకె రమ్మన్నడో ఇయ్యాల తెలిసింది."

మార్కుల కాగితం మీద ఎంత వేశాడో నాకు కనిపించలేదు. భూలక్ష్మి ముఖం కనిపించింది, అది చాలు.

"ఒక్క ఆదివారానికి ఈ పుస్తకం ఇస్తవా తల్లీ?" అని వెంటనే అడిగాడు.

"ఒక్క ఆదివారం సాలదు సార్," అంది ఆమె నన్ను సంచిలో పెట్టుకుంటూ. "పీఠికనే నలబై పేజీలున్నది."

ఆయన పకపకా నవ్వాడు. తర్వాత నెల రోజులు లైబ్రరీలో ఆమె ఎదురుగా కూర్చునే నన్ను చదువుకున్నాడు. ఆపైన గైడు మళ్లీ అచ్చువేయించాడు. ఈసారి అట్ట మీద సొంత పేరు, లోపల స్తంభం లేని తాత్పర్యం, మొదటి పేజీలో తప్పొప్పుల పట్టిక. అయిదు వందల కాపీలు. కట్టలు విప్పి చూస్తే ఏముంది? ప్రెస్సువాళ్ల కంప్యూటరులో ముల్లు లేదట. పట్టికలో ఇలా పడింది: తప్పు, పోల్. ఒప్పు, పోల్!

ఆయన తల పట్టుకున్నాడు. భూలక్ష్మి కడుపు పట్టుకుని నవ్వింది. అప్పటికి ఆమె గురుకులంలో చేరిపోయింది, ఆదివారం సెలవుకు వచ్చింది.

"ముల్లును ముల్లుతోనే తియ్యాలె సార్. పి నెత్తిమీద ఒక్క గీత. అంతే గద? పట్టుండ్రి పెన్ను."

ఇద్దరూ కూర్చున్నారు. నేను మధ్యలో తెరిచి ఉన్నాను. ఆమె ఒక్కో కాపీ తెరిచి జరుపుతుంటే ఆయన గీత గీశాడు. ప్రతిసారీ గీసే ముందు నా వైపు చూసి, కంటికి ఆనించుకుని మరీ గీశాడు. నాకు ఆ ముసలి కంపోజిటర్ వేళ్లు గుర్తొచ్చాయి. బస్సు వేళ అయ్యేసరికి సగమే అయ్యాయి. భూలక్ష్మి లేచింది, నన్ను తీసుకోబోయి ఆగింది.

"ఉంచుకోండ్రి సార్."

"రేపు సోమారం. నేనే తెచ్చిస్త," అన్నాడాయన.

సోమవారం పొద్దున బడిలో ప్రార్థన గంట ఇంకా కొట్టలేదు. గేటు దగ్గర ప్రొఫెసరుగారు నన్ను చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. భూలక్ష్మి పరుగున వచ్చింది. ఆయన నన్ను తల్లి పద్యం దగ్గర తెరిచి ఆమె చేతుల్లో పెట్టి, పాఠానికి వచ్చిన పిల్లవాడిలా చేతులు కట్టుకున్నాడు.

"సారు సోమారం రమ్మన్నడు. వచ్చిన. చెప్పమ్మా."

ఆమె గొంతెత్తి ఆ పాదం చదివింది. థ్రీ, థోల్, థర్స్ట్. యతి సరిగ్గా పడింది.