సేనాని మీసం

విజయలక్ష్మి రెండో చెంపకు రంగు పూసుకుంటూనే తిట్టడం మొదలుపెట్టింది.

"ఇంకెంతసేపన్నా ఆ మీసం? పెండ్లికొడుకు గూడ గింతసేపు తయారుగాడు."

దశరథ పలకలేదు. పలికితే మీసం వంకరపోతుంది. పై పెదవికి బంక రాసి, మీసం అతికించి, రెండు వేళ్లతో అదిమిపట్టి, ఆమె పెట్టె మూతకున్న అద్దంలో కన్నార్పకుండా చూసుకుంటున్నాడు. ఇన్నేళ్లలో సొంత అద్దం కొనుక్కోలేదు మహానుభావుడు. ఏ ఊళ్లో ఆడినా ఆమె అద్దంలో సగం ఆక్రమిస్తాడు. ఆట అయ్యాక మీసం పీకి ఆ అద్దానికే అంటించి, ముఖం కడుక్కుని, పోయేముందు తీసి జేబులో వేసుకుంటాడు. ఆ బంక మరకలు గోకలేక ఆమె గోళ్లు అరిగాయి.

మిర్యాలగూడ ఫంక్షన్ హాల్లో వంటగదినే గ్రీన్‌రూము చేశారు. సాంబారు గుండిగల మీద కిరీటాలు, గ్యాసుబండకు ఆనించి కత్తులు. సూర్యాపేటలో జాకెట్లు కుట్టే విజయలక్ష్మి, కోదాడ రైసుమిల్లులో కాంటా దగ్గర కూర్చునే దశరథ, కాకతీయుల కాలపు ఈ నాటకంలో మొగుడూ పెళ్లాలు. స్టేజీ మీద 'నాథా' అంటుంది, దిగితే 'అన్నా' అంటుంది.

గొడవంతా చివరి అంకంతోనే. సేనాని యుద్ధంలో దెబ్బతిని వచ్చి, పద్యం పాడి ప్రాణం విడుస్తాడు. పద్యనాటకంలో జనం 'వన్స్ మోర్' అన్నారంటే చచ్చినవాడైనా లేచి మళ్లీ పాడాల్సిందే. దశరథకు ఆ మాట చెవిన పడితే చాలు. లేచి, నడుముపట్టీ సర్దుకుని, హార్మోనియం వైపు చెయ్యూపి, రాగం ఇంకాస్త సాగదీసి మళ్లీ చస్తాడు. కోదాడలో సొంతూరి జనం కదా అని నాలుగుసార్లు చచ్చాడు. ఈలోగా టైమైపోయిందని నిర్వాహకులు గంట కొడతారు. శవం మీద పడి సేనాని భార్య పాడే పద్యం సగం కాకముందే తెర దిగుతుంది. ఆ పద్యం చివరి పాదం ఇంతవరకు ఏ ఊరూ వినలేదు. కుట్టుమిషనొక్కటే విన్నది.

"మోకాళ్లు పోయినయ్. హుజూర్‌నగర్‌ల ఒక్క ఆట ఆడి నేను బంద్ జేస్త," అంది ఆమె. "ఏమొచ్చిందే అన్నా మనకు గీ నాటకాలతోటి? బీరువనిండ శాలువలు. కప్పుకుందమంటె సలి లేదు."

"నాకు మీసమొచ్చింది," అన్నాడు దశరథ పెదవులు కదపకుండా. "అసలుది ఇంత బాగా మొలవలేదు."

"నవ్వకు. ఇయ్యాల నువ్వు లేవొద్దు. నా పద్యం నన్ను జర పూర్తిగ పాడనియ్యి. ఆర్మోనియం మీద చెయ్యివెట్టి చెప్పు."

వెళ్లి చెయ్యి పెట్టాడు. "సరేలే విజయమ్మా. ఇవాళ ఒక్కసారే చస్తా."

"కోదాడల గూడ గిదే చెప్పినవ్."

మధ్యాహ్నం ఆట మొదలైంది. భోజనాలు చేసిన జనం కునికిపాట్లు పడుతూ చూశారు. చివరి అంకంలో మాత్రం దశరథ గొంతెత్తేసరికి అందరూ నిటారుగా కూర్చున్నారు. పద్యం ముగించి అతను ఒరిగిపోయాడు. హాలంతా 'వన్స్ మోర్' అని ఒకటే కేకలు.

విజయలక్ష్మి పళ్లు కొరుక్కుంటూ చూసింది. లేస్తాడు, ఇప్పుడు లేస్తాడు. అతను లేవలేదు. కనురెప్పయినా కదల్లేదు. ఆమె నమ్మలేక ఒక్క క్షణం పద్యం ఎత్తుకోవడమే మరిచింది. కేకలు ఆగకముందే అందుకుంది. మొదటి మూడు పాదాల్లో సేనాని భార్య ఏడుస్తుంది. చివరి పాదంలో ఏడుపు మానేసి, నాతో ఒక్కమాట చెప్పకుండా ఎట్లా పోయావని మొగుణ్ణి నిలదీస్తుంది. ఆ పాదం పాడి ఆమె ఆగింది. తర్వాత ముందు వరసలోంచి ఒక ముసలామె, "మల్లోపారి పాడు బిడ్డా," అంది. విజయలక్ష్మికి నిజంగానే కళ్లనీళ్లొచ్చాయి. మళ్లీ పాడింది.

తెర పడ్డాక అతన్ని లేపడానికి ఇద్దరు పట్టాల్సి వచ్చింది. గ్రీన్‌రూములో గుండిగకు ఆనుకుని కూర్చుని, మీసం పీకి అద్దానికి అంటించాడు.

"మాట మీద నిలబడ్డవన్నా," అంది ఆమె, మనసు నిండిపోయి.

"నిలబడటమా! లేద్దామనే చూశా. ఊపిరి రాలేదు."

ఆమె సంతోషం మీద నీళ్లు పోసినట్టయింది. ఒక్క అబద్ధం ఆడితే ఏం పోయింది ఈ మనిషికి?

"దవాఖానకు పోదాం నడువు."

"ఊళ్లో చూపించుకుంటాలే." ముఖం కడుక్కుంటూ అన్నాడు. "ఆ చివరి పాదం నేనెప్పుడూ వినలేదు విజయమ్మా. లేచి పాడుకోటమే సరిపోయె. ముందే వినుంటే ముందే చచ్చి ఊరుకునేవాణ్ణి."

ఆమె చీర పెట్టెలో కుక్కి మూత దబ్బున వేసింది. "హుజూర్‌నగర్‌ల మల్ల లేస్తవ్, నాకు ఎర్కలేదా," అని కసురుకుంది. అతను నవ్వి, చేతిసంచి తీసుకుని కోదాడ బస్సుకు వెళ్లిపోయాడు.

ఆమె సూర్యాపేట చేరి, చీర ఆరేద్దామని పెట్టె తెరిచేసరికి దీపాలు పెట్టే వేళయింది. మూత అద్దం మీద మీసం కనిపించింది. 'గిదొకటి నా నెత్తికి' అని విసుక్కుంటుండగా ఫోను మోగింది. దశరథ కూతురు శ్రావణి. బస్సు కోదాడ బస్టాండులో ఆగింది, అందరూ దిగారు, నిద్రపోతున్నాడనుకుని కండక్టరు నాన్న భుజం తట్టి పిలిచాడు, అని చెప్పింది.

"లేవలేదత్తా."

"గట్టిగ పిలువుండ్రి," అంది విజయలక్ష్మి. "మీ నాయిన ఒక్కరు పిలిస్తె లేవడు బిడ్డా. అందరు గల్సి పిలువుండ్రి. లేస్తడు."

అవతల ఏడుపు తప్ప ఇంకేం వినిపించలేదు. ఎప్పుడో ఫోను ఆగిపోయింది. ఆమెకు దుఃఖం కన్నా ముందు కోపమొచ్చింది. ఎన్నిసార్లు లేవొద్దంటే అన్నిసార్లు లేచినవాడు, ఈ ఒక్కసారి ఎందుకు లేవడు?

పెట్టె మూత తెరిచే ఉంది. అద్దంలో అతను ఎప్పుడూ ఆక్రమించుకునే సగంలో, బంక ఇంకా వదలని మీసం అంటుకుని ఉంది.