వెనక్కి జరిగే గది

నెల మొదటి ఆదివారం వచ్చిందంటే తమ్ముడు టోకు బజారుకు వెళ్ళి బియ్యం బస్తాలు, పప్పు మూటలు, నూనె డబ్బాలు వ్యాను నిండా వేయించుకొచ్చేవాడు. టోకున కొంటే బోలెడు మిగులుతుందని అతని వాదన. మిగిలేది పురుగులకేనని మరదలి వాదన. అక్క ఎవరి పక్షమూ పట్టకుండా, కుట్టుమిషను పక్కన పెట్టి, పురుగు పట్టిన కందిపప్పు చేటలో పోసుకుని చెరిగేది. తనకు పెళ్ళీడు ఎప్పుడో దాటిపోయిందని ఆమే నవ్వుతూ చెప్పుకునేది.

సామాన్ల గది మాత్రం ఏనాడూ చోటు లేదనలేదు. బస్తా తెచ్చి పెడితే ఆ మేరకు గోడ వెనక్కి జరిగేది. ఒకప్పుడు ఇద్దరు నిలబడితే ఇరుకయ్యే గదిలో, ఇప్పుడు చివరనున్న బెల్లం తేవాలంటే చెప్పులేసుకుని వెళ్ళాలి.

"వదినా, దాహం వేస్తుందేమో, మంచినీళ్ళు పట్టుకెళ్ళండి" అనేది మరదలు.

ఒక సాయంత్రం అక్క శనగపప్పు కోసం వెళ్ళింది. కొత్తగా దింపిన చక్కెర బస్తాల వెనక ఇంకో తలుపు కనిపించింది. తోస్తే, అవతల ఎవరిదో వంటిల్లు. యూనిఫాం చొక్కా చేతులు మడుచుకున్న బస్సు డ్రైవరొకాయన, చిన్న పొట్లం విప్పి గిన్నెలోకి చక్కెర దులుపుకుంటున్నాడు.

"ఇది ఏ వీధండీ?" అని అడిగింది.

"మీ వెనక మూడో వీధి. రండి, టీ పెడుతున్నాను. చక్కెర ఒక్కరికే ఉంది గానీ."

అక్క వెనక్కి వెళ్ళి దోసిలి నిండా చక్కెర తెచ్చింది. టీ తాగుతూ, ఇలా పొట్లాలు కొంటే గిట్టుబాటవుతుందా అని అడిగింది.

"ఒక్కణ్ణి. బస్తా తెస్తే దాని మొహం చూస్తూ తినాలి. పొట్లమైతే రేపు మళ్ళీ కొట్టుకు వెళ్ళాలి కదా, ఎవరో ఒకరు పలకరిస్తారు."

మర్నాడు అక్క పప్పు పట్టుకెళ్ళింది. ఆ మర్నాడు బియ్యం. ఆయన ఉల్లిపాయలు తరిగితే ఈమె ఎసరు పెట్టేది. గదిలోకి వెళ్ళిన వదిన ఎంతకీ రాకపోవడం, వచ్చేటప్పుడు కూనిరాగం తీస్తూ రావడం మరదలు కనిపెట్టి, ఓ రోజు వెనకే వెళ్ళి తలుపు సందులోంచి చూసి వచ్చింది.

నెలాఖరుకు తమ్ముడు ఖాళీ బస్తా దులుపుతూ, "ఈసారి పురుగు పట్టలేదేం?" అన్నాడు.

"పట్టేదాకా ఉంటే కదా. టోకు బేరం మనకిప్పటికి కలిసొచ్చింది" అంది మరదలు. "ఎలాగో తెలియాలంటే వెనక తలుపు తీసి చూడండి."

వెళ్ళి చూశాడు. అక్కా, డ్రైవరూ ఒకే చేట ముందు కూర్చుని బియ్యం ఏరుతూ, ఏదో మాటకు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. అక్క అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి, గొంతు సవరించుకుని, తట్టాడు.

"అక్కా, బావగారు భోజనానికి మనింటికి వస్తారేమో కనుక్కో."

లోపల నవ్వు ఆగిపోయింది. ఏవో గుసగుసలు. కాసేపటికి అక్క గొంతు వినిపించింది.

"వస్తారట. మరదలిని ఇంకో గిద్దెడు బియ్యం వేయమను."