పాదం లేని నామం

దోసెడు బొగ్గుతో గంపెడు ఇత్తడి బిళ్లల్ని కాల్చమంటే ఎవరి తరమవుతుంది? మునిరత్నమ్మ కొలిమి ముందు గొంతుక్కూర్చుని, ఊదుగొట్టం నోట పెట్టుకుని పొద్దుటినుంచీ ఆ పనే చేస్తోంది. పొగ కళ్లలోకి కొడుతోంది. మసి పట్టిన మోచేత్తో కళ్లు తుడుచుకుని, పటకారుతో ఒక బిళ్లను పైకెత్తి చూసింది. అంచు ఎర్రబడింది, నడుమ నల్లగానే ఉంది. "నీ మొగం మండ," అని దాన్నే తిట్టి మళ్లీ నిప్పుల్లో పడేసింది.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడికి అవతలి సందులో ఏకాంబరం మొదలియారు అంగడి. అంగడి వెనక రేకుల పంచ. యాత్రికులు మెడలో వేసుకునే బిళ్లలు ఆ పంచలోనే పుడతాయి. ఒక పక్క శంఖచక్రాల నడుమ నామం, రెండో పక్క తామర మీద కూర్చున్న అమ్మవారు. చింతమొద్దులో దిగేసిన కింది అచ్చులో నామం ఉంటుంది. దాని మీద బిళ్ల పెట్టి, బిళ్ల మీద అమ్మవారి అచ్చు నిలబెట్టి, గుర్తుకు గుర్తు కలిపి, సమ్మెటతో ఒక్క దెబ్బ వేయాలి. రెండో దెబ్బ వేస్తే బొమ్మ చెదిరిపోతుంది.

కాల్చి చల్లార్చిన లోహం మెత్తగా ఉంటుంది. దెబ్బ పడగానే నడుమ నుంచి అంచులకు పారుతుంది. దారిలో ఉన్న గుంటల్లోకి దూరుతుంది. శంఖం నిండుతుంది, చక్రం నిండుతుంది, అన్నిటికంటే చివర నామం పాదం నిండుతుంది. ముక్కు మీదికి దిగే ఆ పాదం ఉంటేనే అది తెంగలై శాఖ వైష్ణవుల నామం. లేకపోతే వడగలై శాఖ వాళ్లది. అచ్చులో మాత్రం అది వడ్లగింజ మొనంత గుంట. రాగి అయితే చెప్పిన మాట విని అందులోకి పోయేది. దొరల యుద్ధం పుణ్యమా అని రాగి కనబడకుండా పోయి, ఇత్తడి వచ్చి పడింది. కాల్చకుండా కొడితే ఇత్తడి అంతదాకా పోదు. పోకపోగా, జరిగినప్పుడల్లా అచ్చు గోడల్ని గీరుకుంటూ పోతుంది. ఇప్పటికే పాదం గుంట అంచులు అరిగి నున్నబడ్డాయి.

ఆ పాదం చెక్కింది ఆమె మొగుడు పెంచలయ్య. సన్న ఉలితో, ఊపిరి బిగబట్టి చెక్కాడు. తరవాత రేణిగుంట దారిలో బండి తిరగబడి ఆయన కుడిచెయ్యి విరిగింది. పుత్తూరు కట్టుతో ఎముక అతికింది గాని, చెయ్యి భుజం దాటి లేవలేదు. మొదలియారు ఇంకొకణ్ణి చూసుకుంటానన్నాడు. మునిరత్నమ్మ కొంగు నడుముకు బిగించి సమ్మెట ఎత్తింది. వీధి వీధంతా వచ్చి నోరెళ్లబెట్టింది.

"ఆడది దేవుణ్ణి సమ్మెటతో కొట్టేదేందే?" అంది పూలమ్మే అలివేలమ్మ.

"మగోడు కొడితే దేవుడికి నొప్పి పుట్టదా అక్కా?" అంది మునిరత్నమ్మ.

పెంచలయ్య ఎడమచేత్తో బిళ్ల పెట్టి, అచ్చు నిలిపి, వేళ్లు తీసుకుని "ఊ" అనేవాడు. అప్పుడు ఆమె కొట్టేది. ఆయన మొదట నేర్పిన మాట ఒకటుంది. "నడుమ బిళ్ల లేకుండా దెబ్బ వెయ్యొద్దే. రెండచ్చులూ ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఇంక దేనికీ పనికిరావు." పోయిన వానల్లో జ్వరం వచ్చి ఆయన పోయాడు. అప్పటినుంచీ "ఊ" కూడా ఆమే అనుకుని కొడుతోంది. వినేవాళ్లకు పిచ్చి అనిపిస్తే అనిపించనీ.

వెంకన్నకు ప్రీతైన పెరటాసి నెలలో శనివారం కావడంతో అంగడి ముందు జనం కిటకిటలాడుతున్నారు. మధ్యాహ్నం అక్కడ ఒక్కసారిగా గొడవ లేచింది. నుదుటి నిండా నామం పెట్టుకున్న ముసలాయన ఒకడు బిళ్లను మొదలియారు ముందు విసిరేశాడు.

"పాదం యాడికి పోయిందయ్యా? మేము తరతరాలుగా తెంగలై వాళ్లం. మా కాలే విరగ్గొట్టినావు గదప్పా!"

మొదలియారు నవ్వుతూ ఆయన్ని సముదాయించి పంపి, బిళ్ల పట్టుకుని పంచలోకి వచ్చాడు. ఆయన చెడ్డవాడేం కాదు, దేన్నయినా అమ్మగలడు, అంతే.

"మొదలారీ, ఒక్క బస్తా బొగ్గు తెప్పించు," అంది మునిరత్నమ్మ. "పచ్చి ఇత్తడి కొట్టబట్టే ఇట్లయింది."

"బొగ్గు యాడ దొరకతాది రత్నమ్మా? పెట్రోలు లేక బస్సులు బొగ్గుతో నడపతా ఉండారు, ఉండేదంతా వాటికే తోలతా ఉండారు."

ఆమె పొద్దుటినుంచీ కాలుతున్న ఆ ఒక్క బిళ్లను నిప్పుల్లోంచి తీసింది. నీళ్లలో ముంచింది, చింతపండుతో తోమింది, అచ్చు మీద పెట్టింది. "ఊ" అని కొట్టింది. తీసి ఆయన అరచేతిలో పెట్టింది. సన్నగానైనా పాదం నిలబడి ఉంది.

"చూడు. ఇంకా బతికే ఉండాది."

"బాగుండాది," అన్నాడు మొదలియారు, బిళ్ల తిరిగిచ్చేస్తూ. "అయితే ఒక బిళ్లకు ఇంత బొగ్గు పెడితే నేను అంగడి మూసుకోవాల. నాకొకటి తోచింది రత్నమ్మా. రేపు కంసాలి ఆచారిని పిలిచి ఆ గుంట పూడిపించేస్తా. పాదమే లేదనుకో, వడగలై నామమని అమ్మతాం. కొనేవాళ్లు వాళ్లూ ఉండారు గదా. రగడే ఉండదు."

మునిరత్నమ్మ గుండెలో భగ్గుమంది. పూడ్చడమా? పెంచలయ్య ఊపిరి బిగబట్టి చెక్కింది పూడ్చడమా? వడగలై వాళ్లకు అచ్చు కావాలంటే ఇంకొకటి చెక్కించుకోవచ్చు. ఉన్న కాలు నరికి ఇంకొకరి దేవుడని అమ్మడం ఎక్కడి న్యాయం?

"పూడ్చేదానికి నేనొప్పుకోను," అంది.

"నువ్వు ఒప్పుకునేదేముండాది? ఇనుము నేను కొనిచ్చిందే."

"ఇనుము నీదే మొదలారీ. పాదం మాత్రం మా ఇంటాయనది."

"ఆయన పోయినాడు గదమ్మా. పని కానీ. సాయంత్రానికి గంప నిండాల." ఆ మాట అని మొదలియారు ముందుకు వెళ్లిపోయాడు.

మునిరత్నమ్మ మొద్దు దగ్గరికి వచ్చింది. ఏడుపు వచ్చింది. ఏడవలేదు. పాదం ఉన్న ఆ బిళ్లను కొంగున ముడేసుకుంది. నూనెగుడ్డతో నామం అచ్చును పసిబిడ్డ ముఖం తుడిచినట్టు తుడిచింది. గుంట మీద వేలు పెట్టి ఒకసారి తడిమింది. తరవాత అమ్మవారి అచ్చును నేరుగా దాని మీదే నిలబెట్టింది. గుర్తుకు గుర్తు కలిపింది. నడుమ బిళ్ల లేదు.

పెంచలయ్య ఉంటే చెయ్యి పట్టుకుని ఆపేవాడా? ఆపడు. పూడ్చే చేతికి మాత్రం అచ్చు ఇవ్వడు.

"ఊ," అంది.

అంతకుముందు ఎన్నడూ వేయనంత గట్టిగా వేసింది. ఇనుము ఇనుమును కొరికిన చప్పుడుకు అంగడిలో బేరాలు ఆగిపోయాయి. మొదలియారు పరుగెత్తుకొచ్చాడు. మొద్దు వైపు చూసి నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"ఎంత పని చేసినావే! పెరటాసి నెలంతా పాడు చేసినావు గదే!"

"నీ ఇనుము నీకాడనే ఉండాది. ఒక్క పిసరు ఎత్తకపోలేదు. చూసుకో," అంది. సమ్మెట మాత్రం ఆమెది, పెంచలయ్య పిడి వేసింది. దాన్ని భుజాన వేసుకుని సందులోకి నడిచింది. వెనక ఆయన అరుస్తూనే ఉన్నాడు. ఆమె తిరిగి చూడలేదు.

సందు మొగలో అలివేలమ్మ పూలు కడుతోంది. "ఇంత పొద్దుండగానే యాడికే రత్నమ్మా?"

"ఐరాలకక్కా, మా చెల్లెలి కాడికి. ఆడ కమ్మరి కొలిమిలో సమ్మెట వేసేవాళ్లు లేరంట."

"ఆడదాన్ని రానిస్తారా?"

"ఈడ ఎవురు రానిచ్చినారు? నేనే వచ్చినాను," అంది మునిరత్నమ్మ. అలివేలమ్మ మూర పూలు తెంపి ఆమె జడలో తురమబోయి, విధవకు పెట్టొచ్చునా అని చెయ్యి వెనక్కి తీసుకుంది. మునిరత్నమ్మ ఆ పూలు తనే అందుకుని, సమ్మెట పిడికి చుట్టుకుని వెళ్లిపోయింది.

పంచలో కొలిమి చల్లారింది. చింతమొద్దులో కింది అచ్చు అలాగే దిగి ఉంది. నామం మీదుగా అమ్మవారి రూపం గీతగా పడింది, పాదం ఉన్న చోట తామర రేకు ఒకటి.