పుంగనూరు మలుపులో ఊడిన టైరు

"వేలు కదిపినావంటే తప్పు నీదే సిద్దప్పా. పెడల్ నా చేతిలో ఉండాది" అన్నాడు ఆంజనేయులు.

షాపు తలుపులు లోపలి నుంచి మూసేశారు. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టారు. సిద్దప్ప ముంజేతిని పాత ట్యూబుతో ఫ్రేముకు కట్టేసి, చూపుడు వేలిని గొలుసుకూ పళ్ళచక్రానికీ మధ్య పెట్టారు. అది ట్రాక్ సైకిల్. ఫ్రీవీల్ ఉండదు, పెడల్ ఎటు తిప్పినా గొలుసూ చక్రమూ కలిసే తిరుగుతాయి. పెడల్ బెత్తెడు తిరిగితే చాలు, మధ్యలో ఏమున్నా గొలుసు కొరుక్కుపోతుంది. మదనపల్లెలో ఆ సంగతి సిద్దప్ప కంటే బాగా తెలిసిన మెకానిక్ లేడు.

ఎదురుగా స్టూలు మీద ఓబులేసు. ఎడమకాలు మోకాలి దగ్గరే ఆగిపోయింది. ఒళ్లో చిరిగిన రేసు టైరు.

"దీన్ని గోనెసంచుల కింద యాల దాసినావు? మూడు నెలలుగా దొరకలేదు, దొరకలేదని సెప్తాండావే!"

"పారేద్దామనుకోని మర్సిపోయినానప్పా."

"ఎవురు సెప్తే గమ్ము పాడు సేసినావు? నాకు పేరు కావల్ల."

తొమ్మిదేళ్ల క్రితం పుంగనూరు సంత మైదానంలో ఏడు రోజులు దిగకుండా సైకిల్ తొక్కి పేరు తెచ్చుకున్నాడు ఓబులేసు. అది చూసి బెంగళూరు మిల్లు ఒకటి తన టీములో చేర్చుకుంది. అప్పట్నుంచి తొక్కడమే అతని ఉద్యోగం. సిమెంటు ట్రాక్ మీద గెలిచాడు, రోడ్ల మీద గెలిచాడు. పక్కకొచ్చిన వాణ్ణి మోచేత్తో పొడిచి పడేసేవాడు. పడ్డవాడు లేచాడో లేదో తిరిగి చూసేవాడు కాదు.

1981లో, ఆయుధపూజ మర్నాడు మదనపల్లె నుంచి కుప్పం దాకా పందెం. పుంగనూరు దాటిన మొదటి మలుపులో, అందరికంటే ముందు పోతుండగా ఓబులేసు ముందు టైరు రిమ్ము నుంచి ఊడిపోయింది. ఎదురొస్తున్న లారీ కింద కాలు పడింది. కుప్పంలో దండ, పందెంలో అతని వెనకే వస్తున్న నాగరాజు మెడలో పడింది. నెల తిరక్కుండా మిల్లులో ఓబులేసు చోటు కూడా అతనికే దక్కింది.

రేసు టైరును గమ్ముతో రిమ్ముకు అంటిస్తారు. గమ్ము పూసి ఆరబెట్టేది సిద్దప్ప. టైరు ఎక్కించేది మాత్రం ఓబులేసే. ఆ పనిలో ఇంకొకరి చెయ్యి పడనివ్వడు.

"నాగరాజేనా?" అన్నాడు ఓబులేసు.

"కాదప్పా. గమ్ము మంచిదే. నా బిడ్డల మింద ఒట్టు."

"మంచి గమ్మయితే టైరు ఊరికే ఊడి ఎగిరిపోయిందా? రెక్కలొచ్చినాయా దానికి?" ఆంజనేయులు నవ్వాడు. ఓబులేసు భార్య కాంతమ్మకు అన్న అతను. "బావా, ఈనికి నోరు రాదు. వేలు మాట్లాడతాదేమో సూద్దాం."

"అంజనప్పా, నీకు దండం పెడతా. ఈ చేత్తోనే నలుగురు తింటాండారు."

ఓబులేసు తల ఊపాడు. ఆంజనేయులు పెడల్ తిప్పాడు.

సిద్దప్ప అరుపుకు రేకుల కప్పు మీది కాకులు లేచిపోయాయి. వేలి కొన గ్రీజులో పడింది.

"ఇంగా తొమ్మిది ఉండాయి. తొందరేం లేదు" అన్నాడు ఓబులేసు.

ఆంజనేయులు మధ్యవేలును గొలుసు సందులోకి తోశాడు. సిద్దప్ప మూలుగుతూనే ఓబులేసు చేతుల వంక చూశాడు. ఆ చేతులు టైరును తిరగేస్తున్నాయి.

"దాన్ని సూడొద్దప్పా!"

ఓబులేసు చూశాడు. టైరు లోపలి గుడ్డకు గమ్ము అంటనే లేదు. దాని నిండా జిడ్డు. జిడ్డులో పసుపు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నువ్వుల నూనెలో కలిపిన పూజ పసుపు. గమ్ము పూసిన రిమ్ములు పండగనాడు ఉన్నది తన ఇంట్లోనే.

"కాంతా!"

బయట జట్కాలో కూర్చున్న కాంతమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆంజనేయులు గడియ తీశాడు. నేల మీద రక్తం చూసి ఆమె గోడను పట్టుకుంది.

"ఆయమ్మను కొట్టొద్దప్పా" అన్నాడు సిద్దప్ప. "తెలీక పూసింటాది. నీ చేతిలో సస్తాదనే దాసినాను. నేనే పాడు సేసినానని రాసుకో, పో."

తలుపు దగ్గరున్న ఆంజనేయులు చూపు సైకిల్ కిందికి పోయింది. తన చెల్లెల్ని కాపాడినందుకు తను కోసిన వేలు గ్రీజులో పడి ఉంది.

ఓబులేసు చంకకర్ర ఎత్తాడు. "లం... నా కాలు తీసింది నువ్వా?"

కాంతమ్మ వెనక్కి జరగలేదు.

"పండగకు నేను ముట్టయి ఉంటి. మూడు దినాలు వసారాలో సాప మింద పడుకోనుంటి. పూజ గడప తొక్కలే. కుంకుమ గిన్నె గూడా తాకలే."

"మరి పసుపు పూసిందెవురు?"

అడిగాక ఓబులేసు ముఖం మారిపోయింది. ఏటా టైర్లు ఎక్కించిన చక్రాలకే పసుపు పూసేవాళ్లు. ఆ ఏడు బెంగళూరు నుంచి టైర్లు రావడం ఆలస్యమైంది. దీపం ముందు ఉన్నది గమ్ము పూసిన ఉత్త రిమ్ములు. మర్నాడు తెల్లవారుజామున, కొత్త గమ్ము తళతళలాడుతోందని మురిసిపోయి టైరు ఎక్కించింది ఎవరో ఇప్పుడతనికి గుర్తొచ్చింది.

"పోదాం పద" అన్నాడు. కర్ర దించాడు. "జట్కా ఎక్కు."

"యాడికి పోయేది?" ఆంజనేయులు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "పేరు కావల్లంటివి గదా బావా. సెప్పు కాంతా. పూజ సేసిందెవురు?"

"సెప్పినావంటే సంపేస్తా" అన్నాడు ఓబులేసు.

పెళ్లయిన పదేళ్లలో కాంతమ్మ మొగుడి పేరు నోటితో పలకలేదు. ఆసుపత్రిలో కాలు తీసేముందు నర్సు అడిగినా, అన్నను ముందుకు తోసి చెప్పించింది. ఇప్పుడు వంగి సిద్దప్ప ముంజేతికి కట్టిన ట్యూబు విప్పింది. కొంగు చించి ఆ చేతికి చుట్టింది. లేచి మొగుడి కళ్లలోకి చూసింది.

"ఓబులేసు" అంది.