పన్నెండు కిలోల బంగారం

నేను ఒక వెయిట్ మిషన్‌ని. బియ్యం, ఉల్లిగడ్డలు తూచే జాతి కాదు. మనుషులు చెప్పులు విడిచి ఎక్కి, కిందికి చూసి, ముఖం మాడ్చుకుని దిగిపోయే రకం. ఎవరి ఎదుటా తల వంచని వాళ్లు కూడా నా మీద నిలబడితే తల వంచుతారు. అది గౌరవం అనుకునేంత పిచ్చిదాన్ని కాను. పొట్ట అడ్డం వస్తే పక్కకు వంగి చూస్తారు, గాజులు తీసి చూస్తారు, ఊపిరి బిగబట్టి చూస్తారు. ఊపిరికి బరువేం ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను పుట్టింది హైదరాబాదు శివారులో ఒక రేకుల షెడ్డులో. ఇంత ఇనుపరేకు, నాలుగు స్ప్రింగులు, అద్దం కింద ఒక ఎర్ర ముల్లు, పైన నల్ల రబ్బరు. వీపున ఒక చిన్న చక్రం. వాడగా వాడగా ముల్లు పక్కకు జరిగితే మళ్లీ సున్నా మీదకు తెచ్చుకోవడానికి ఆ చక్రం. నాతో నిజం చెప్పించడానికి పెట్టిన చక్రమే అబద్ధం చెప్పించడానికీ పనికొస్తుందని నన్ను చేసినవాడికి తెలుసో లేదో గాని, కొన్నవాడికి మాత్రం మొదటి రోజే తెలిసిపోయింది.

వాడి పేరు ప్రభంజన్. హనుమకొండలో మేడ మీద జిమ్ము పెట్టాడు. చేరడానికి వచ్చిన రోజు చక్రాన్ని ముందుకు తిప్పి ఎక్కించేవాడు, నెల దాటాక వెనక్కి తిప్పి ఎక్కించేవాడు. జనం మురిసిపోయేవారు. మురిసిపోయి ఇంటికెళ్లి, తగ్గిన సంబరానికి బిర్యానీ తినేవారు. రెండో నెల నుంచి జిమ్ముకు రావడం మానేసేవారు. చివరికి జిమ్మే మూతపడింది. సామాను అమ్ముతుంటే నన్ను కొనుక్కుపోవడానికి వచ్చిన సుగుణక్కకు ప్రభంజన్ నవ్వుతూ నా వీపు చక్రం చూపించాడు.

"మనిషికి బరువు తగ్గుడు గాదక్కా, తగ్గిందని చెప్పెటోడు గావాలె" అన్నాడు.

సుగుణక్క కూడా నవ్వింది. ఆ నవ్వు దగ్గరే నా కథ అసలు మొదలైంది.

సుగుణక్క బ్యాంకు మేనేజరుగారి భార్య. కాలేజీ గ్రౌండులో పొద్దున పూట నడిచే ఆడవాళ్లకు పెద్ద దిక్కు. ఎవరు రాకపోయినా ఊరుకోదు. గేటు ముందు స్కూటీ ఆపి, హారను కొట్టి, దుప్పట్లోంచి లాక్కొచ్చే రకం. ప్రతి ఆదివారం నడక అయ్యాక సిమెంటు బెంచీ ముందు నన్ను పెట్టి ఒక్కొక్కరినే ఎక్కిస్తుంది. అర కిలో తగ్గితే చప్పట్లు. పెరిగితే "నీళ్ల బరువు" అంటుంది. తరవాత అందరూ కలిసి గ్రౌండు గేటు పక్కన దోసె బండి మీద పడతారు. నడిచి కరిగించినదానికి రెండింతలు అక్కడే తిరిగి ఎక్కించుకుని, బరువెందుకు తగ్గడం లేదో మళ్లీ ఆదివారం దాకా చర్చిస్తారు.

ఆ గుంపులోకి సరోజన వచ్చింది. సుగుణక్క వీధిలోనే ఇంట్లో జాకెట్లు కుడుతుంది. పొద్దంతా కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని తొంభై ఆరు కిలోలైంది. అందం కోసమో, చీర కుచ్చిళ్ల కోసమో రాలేదామె. ఆమె తమ్ముడు తిరుపతికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో రక్తం కడిగించుకుని బతుకుతున్నాడు. ఇంటిల్లిపాదిలో కలిసిన రక్తం అక్కదొక్కటే. హైదరాబాదు డాక్టరు ఆమెను పైనించి కింది దాకా చూసి, "ఎనభై లోపుకు వస్తేనే మీ కిడ్నీ తీస్తాం, అప్పటిదాకా నా దగ్గరికి రావద్దు" అని పంపేశాడు.

అబద్ధమెందుకు చెప్పాలి, మొదట్లో వాళ్లంతా నిజంగానే మంచివాళ్లు. సరోజన కాళ్లు వాచిపోతే సుగుణక్క ఉప్పునీళ్లు కాచి తెచ్చింది. సుగుణక్క ప్రాణస్నేహితురాలు ఇందిర తన కొత్త బూట్లు విప్పి ఇచ్చింది. నడవలేనని కూలబడితే ఇద్దరూ చెరో రెక్క పట్టుకుని తిప్పారు. సరోజన నా మీదికి ఎక్కే పద్ధతి వేరు. కళ్లు గట్టిగా మూసుకుని, "సమ్మక్క తల్లీ, సారక్క తల్లీ" అనుకుంటూ ఎక్కుతుంది. "ఇగ చూడు" అని సుగుణక్క అన్నాకే కళ్లు తెరుస్తుంది. ఎక్కకముందు నా ముల్లు ఎక్కడుందో ఆమె ఏనాడూ చూడలేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి.

తొంభై ఆరు నుంచి తొంభైకి దిగింది. తిరుపతికి ప్రతి ఆదివారం ఫోను. "నా కిడ్నీ మంచిగున్నదా అక్కా? దానికి ఉప్పు ఎక్కువ వెట్టకు, పైలంగ సూస్కో" అని వాడు నవ్వేవాడు. ఆమె కూడా నవ్వి, ఫోను పెట్టేశాక కొంగుతో కళ్లు తుడుచుకునేది.

తొంభై దగ్గర ముల్లు మొండికేసింది. రెండు పూటలా నడిచింది, అన్నం మానింది, జొన్నపిండి గటక తాగింది. నేనేం చేయను? ఉన్నది చెప్పడమే నా పని. ఒక ఆదివారం సరోజన బెంచీ మీద కూలబడి అందరిముందూ ఏడ్చింది.

"నాతోటి గాదక్కా. నా తమ్ముని పానం నా పొట్టల ఇరుక్కున్నది. ఎంత నడ్సినా బయిటికి వస్తలేదు. రేపటిసంది నేను రాను."

ఆ సాయంత్రం సుగుణక్క నన్ను తన వంటింట్లో బల్ల మీద బోర్లా పడుకోబెట్టింది. కాసేపు అటూ ఇటూ తిరిగింది. తరవాత బొటనవేలితో నా చక్రాన్ని వెనక్కి ఒక్క గీత, అంటే కిలో, తిప్పింది. సరోజన మనసు విరిగిపోవద్దని, అంతే. దయతోనే తిప్పింది. క్రూరులు చేసిన చెడుకు విరుగుడుంటుందేమో గాని, దయగలవాళ్లు చేసినదానికి ఎవరి దగ్గరికి పోవాలి?

ఆదివారం చప్పట్లు మోగాయి. సరోజన సుగుణక్క మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది, ఈసారి సంతోషంతో. ఇక ఆ చక్రం ఆగడానికి వీల్లేకపోయింది. ఒకసారి తగ్గించిన మనిషిని మళ్లీ వారం పెంచి చూపిస్తారా? వారం వారం ఒక గీత, ఒక్కో వారం గీతన్నర. నా మీదికి ఎక్కినవాళ్లందరూ తగ్గారు, ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఇందిర ఒకరోజు సుగుణక్క వంటింట్లో ఆ తిప్పడం కళ్లారా చూసింది. కడుపు పట్టుకుని నవ్వింది.

"ఉండనియ్యక్కా. సరోజన పక్కన నిలవడితెనే గద నేను సన్నగ కనవడ్తున్న" అంది.

తగ్గుతున్నానన్న ధైర్యంతో సరోజనకు ఆకలి తిరిగొచ్చింది. దోసె బండి దగ్గర సుగుణక్కే వెన్న వేయించి చేతిలో పెట్టేది. "ఇంత తగ్గినవ్, ఒక్కటి తింటె ఏమైతది చెల్లె?" అనేది. సరోజన ఒక్కటి తినేది, ఇందిర బతిమాలితే ఇంకొకటి. సాయంత్రం నడక మానేసింది. నిజం మళ్లీ తొంభై దాటి పైకి పోతుంటే, నేను సిగ్గులేకుండా డెబ్భై తొమ్మిది చూపించాను. ఆ రోజు గ్రౌండంతా ఈలలు. సరోజన మోకాళ్ల మీద కూర్చుని నా రబ్బరుకు దండం పెట్టింది. నన్ను చేసిన షెడ్డులో ఇనుము కొట్టేటప్పుడు కూడా నాకంత నొప్పి పుట్టలేదు.

ఆమెకు ఒక మొక్కు ఉంది. ఎనభై లోపుకు వస్తే మేడారం జాతరలో తల్లులకు నిలువెత్తు బంగారం ఇస్తానని. మా వైపు బంగారం అంటే బెల్లమే. మొక్కుకున్న మనిషి ఎంత బరువుంటే అంత బెల్లం, తక్కెట్లో కూర్చుని తూచి ఇవ్వాలి. ఆ మొక్కు చెల్లించాకే హైదరాబాదు డాక్టరు దగ్గరికి పోదామని ఆమె పట్టుబట్టింది. తక్కెడ మాట వినగానే సుగుణక్క ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"బంగారమెందుకు చెల్లె, కొబ్బరికాయ గొట్టు, సాలు" అంది. సరోజన వినలేదు. "పోనీ తూచుడెందుకు, ఒక వంద కిలోలిద్దాం తియ్. తల్లికి ఇచ్చేకాడ లెక్కేంది?" అంది.

"లెక్క తప్పితె మొక్కు చెల్లదక్కా" అంది సరోజన.

అప్పుడైనా సుగుణక్క నోరు తెరిచి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. బెల్లం కొట్టుదాకా వెంట వచ్చింది. దేవతలే ఏదో ఒకటి చేస్తారని ఆశ కాబోలు.

వరంగల్లు బజారులో బెల్లం కొట్టు జాతర రద్దీతో కిక్కిరిసి ఉంది. గుంపుకు ఫొటో బాగుంటుందని ఇందిర నన్ను కూడా పట్టుకొచ్చింది. తిరుపతి ఒక మూల స్టూలు మీద కూర్చున్నాడు. కాళ్లూ ముఖమూ ఉబ్బి ఉన్నాయి గాని, పెళ్లికొడుకులా తెల్ల చొక్కా వేసుకొచ్చాడు. సరోజన పసుపు చీరలో తక్కెడ పళ్లెంలో కూర్చుంది. సేటు ఎదుటి పళ్లెంలో డెబ్భై తొమ్మిది కిలోల ముద్దలు ముందే తూచి పేర్చి పెట్టాడు. పళ్లెం కదలలేదు. ఒక ముద్ద వేశాడు. కదలలేదు. ఇంకోటి వేశాడు. వెనక వరసలో నిలబడ్డవాళ్లు నవ్వడం మొదలుపెట్టారు. "లారీ తెప్పియ్యి సేటూ" అని ఎవడో అరిచాడు. పన్నెండు కిలోలు అదనంగా పడ్డాక గాని సరోజన కాళ్లు నేల విడవలేదు.

"నీ తక్కెడ దొంగది! నేను డెబ్బై తొమ్మిదే. మా మిషను గీడనే ఉన్నది, సూడు" అని ఆమె గొంతు చించుకుంది.

సేటు విసుక్కుంటూ నన్ను నేల మీద పెట్టించి వంగి చూశాడు.

"ఎక్కుడెందుకమ్మా? ఉత్తగున్నప్పుడే గీ ముల్లు సున్నాకు పన్నెండు గీతలు యెనకున్నది. గీ చక్రం ఎవలు తిప్పిన్రు?"

మొదటిసారి, కళ్లు తెరిచి, సరోజన నా ఖాళీ ముల్లును చూసింది. తరవాత సుగుణక్కను చూసింది.

"నీ మనసు నొవ్వద్దని తిప్పిన చెల్లె" అంది సుగుణక్క, వినీ వినపడకుండా. ఇందిర ఫోను సంచిలో పెట్టేసుకుంది.

స్టూలు మీది నుంచి తిరుపతే లేచి వచ్చి అక్క చెయ్యి పట్టుకున్నాడు. "పోనీ తియ్యక్కా, తల్లికి బంగారం ఎక్కువనే ముట్టింది" అని నవ్వబోయాడు. వాడి పెదవులు సహకరించలేదు.

ఆ రోజు నన్ను ఆమె తన ఇంటికి తీసుకుపోయింది. చక్రాన్ని సున్నా మీద పెట్టి, మళ్లీ ఎవరి వేలూ తగలకుండా దాని మీద మైనం కరిగించి పోసింది. ఆ తరవాత ఒంటరిగా నడిచింది. గ్రౌండుకు కాదు, చెరువు కట్ట మీదికి. చప్పట్లు లేవు, దోసె బండి లేదు. గుంపుగా నడిచినప్పుడు దిగనంత జోరుగా ముల్లు దిగింది. నేనూ ప్రతి పొద్దున నిజమే చెప్పాను. కానీ తమ్ముడి రక్తానికి ఆగే ఓపిక లేదు. ఎండాకాలంలో జ్వరం తగిలింది, గుండె చుట్టూ నీరు చేరింది. తిరుపతి పోయిన పొద్దున ముల్లు ఎనభై రెండు మీద ఉంది.

దినాల నాడు సుగుణక్క, ఇందిర వచ్చారు. గోడకు ఆనుకుని కూర్చున్న సరోజన పక్కన చేరి సుగుణక్క కాసేపు కళ్లు ఒత్తుకుంది. ఏం మాట్లాడాలో తెలియక, అలవాటైన మాటే ఆమె నోట్లోంచి జారింది.

"మస్తు సన్నవడ్డవ్ చెల్లె."

సరోజన లేచింది. మంచం కింది నుంచి నన్ను బయటికి లాగి సుగుణక్క కాళ్ల ముందు పెట్టింది. కళ్లు గట్టిగా మూసుకుని నా మీదికి ఎక్కింది. సమ్మక్క పేరు తలవలేదు.

"చదువు అక్కా" అంది.

సుగుణక్క వంగింది. ఆమె కన్నీళ్లు నా అద్దం మీద పడ్డాయి.

"డెబ్బై ఎనిమిది" అంది.

"సరిపోతదా అక్కా?"

ఇందిర టీ గ్లాసులు ఏరుకుని లోపలికి పోయింది. సరోజన చాలాసేపు కళ్లు తెరవకుండా నా మీదే నిలబడింది.

ఆ వారమే వీధిలోకి పాత సామాన్ల బండివాడు వస్తే నన్ను ఇచ్చేసి ఉల్లిగడ్డలు తీసుకుంది. వాడు తక్కెట్లో వేలు పెట్టి తూచడం ఆమె చూసింది, చూసి ఊరుకుంది. ఇప్పుడు తుక్కు గుట్టలో నా మీద ఒక కుట్టుమిషను ఇనుప కాలు పడి ఉంది. చక్రం మీద మైనం ఇంకా ఊడలేదు. ఆ కాలు బరువెంతో గీత కూడా తప్పకుండా చూపిస్తున్నాను, వంగి చూసేవాళ్లు మాత్రం లేరు.